పసుపు కింద నెంబరు

బ్రేకు ఇన్‌స్పెక్టరుకు ముఖ్యంగా కావలసిన పనిముట్టు ఏమిటని ఎవరైనా అడిగితే నేను సుత్తి అనను, టేపు అనను, టార్చిలైటు అనను. గుడ్డపేలిక అంటాను. అంత ఉద్యోగానికి ఇంత పేలికా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ ఒక్క ముక్క నాకు తలకెక్కడానికి ఏ పాపమూ ఎరగని ఒక పెద్దాయన రెండు నెలలు సబ్‌జైల్లో కూర్చోవలసి వచ్చింది. ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది నా సంతకం. మా శాఖలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. నేను రోజూ చేస్తున్న పనే.

ప్రభుత్వం మాకు పెట్టిన పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం పెట్టిన పేరు బ్రేకు ఇన్‌స్పెక్టరు. డ్రైవరు పక్కన కూర్చుని కాస్త దూరం తోలించి ఉన్నట్టుండి "బ్రేకు!" అని అరిచేవాళ్లం. బండి ఆగితే బండి పాసు. ఆగకపోతే మా అదృష్టం. నుదుటి మీద బొప్పులు లెక్కపెట్టి మా సర్వీసు ఎంతో చెప్పేవాడు మా ఆఫీసు బంట్రోతు.

ఇది యాభైల చివరి మాట. గుంటూరులో మా ఆఫీసు వెనక ఒక మైదానం ఉండేది. పొద్దున్నే బళ్లన్నీ అక్కడ వరుసకట్టేవి. సగం మిరపకాయల లారీలు, సగం పత్తి లారీలు. మొదటి రకం వస్తే తుమ్ములు, రెండో రకం వస్తే దగ్గులు. ఆ రెంటి మధ్యలో ఎప్పుడైనా ఒక కారు వస్తే మాకు పెళ్లివారు వచ్చినంత సంబరంగా ఉండేది.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పి వదిలేస్తాను. బండికి రెండు పేర్లుంటాయి. ముందూ వెనకా రేకు మీద రాసేది పిలిచే పేరు. అది పెయింటరు రాసేది, పెయింటరు మార్చేది. అడుగున ఉండే ఇనుప చట్రంలో ఫ్యాక్టరీవాళ్లు గుద్దిన అంకెలే అసలు పేరు, పుట్టినప్పుడు పెట్టినది. ఆ అంకెల మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. ఆ అచ్చు ఇన్‌స్పెక్టరు తన చేత్తో తీసి, రిజిస్ట్రేషను పుస్తకంతో సరిచూసి, ఫైల్లో పెట్టాలి. రూలు అంతే. రూలు మంచిదే. దాన్ని పాటించాల్సినవాడే కాస్త తేడా మనిషి.

ఆ రోజుల్లో ఎస్టేట్లు పోయి, పెద్ద పెద్ద ఇళ్లలో విలాయతీ కార్లు గోనెపట్టాల కింద పడి ఉండేవి. పెట్రోలు పోయించే స్తోమత లేక కొందరు, తోలేవాడు లేక కొందరు వాటిని మూలన పడేశారు. మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ సరదా ఉన్న పెద్దమనుషులు వాటి కోసం మన ఊళ్ల మీద పడ్డారు. ఎంత పాతదైతే అంత మోజు. అలాంటి బేరాలు కుదిర్చే దలారి ఒకాయన గుంటూరులో ఉండేవాడు. అందరూ ఆయన్ను మావయ్యగారు అనేవారు. ఎవరికి మావయ్యో ఎవరికీ తెలియదు. మల్లెపువ్వులాంటి పంచె, నోట్లో ఎప్పుడూ లవంగం, నోరు తెరిస్తే "బాబుగారూ". నాకప్పుడు ముప్పై కూడా నిండలేదు. ఆఫీసులో అందరూ "ఏమయ్యా" అనే వయసులో ఒక పెద్దాయన లేచి నిలబడి "బాబుగారూ" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా చొక్కా రెండంగుళాలు బిగుతయ్యేది.

దసరా వెళ్లిన వారానికి ఆయన ఒక కారు తెచ్చాడు. టాపు మడిచే రకం, ఇంగ్లండులో పుట్టింది, మీగడరంగు వేశారు. పుస్తకం ప్రకారం అది చీరాల చీరల వ్యాపారి ఒకాయన పేర ఉంది. చాలాకాలం మూలన పడి ఉందనీ, తాను బాగుచేయించాననీ, మద్రాసు ఆసామి ఒకాయన కొన్నాడనీ చెప్పాడు. నేను తనిఖీ చేసి సంతకం పెడితే పేరు మారుతుంది.

బ్రేకు చూశాను. ఆగింది. దీపాలు, హారను చూశాను. చట్రాన్ని అక్కడక్కడా చేత్తో తడిమాను. నున్నగా ఉంది. బానెట్ ఎత్తి నెంబరు కోసం వంగితే నెంబరు లేదు. దాని చోట అరంగుళం మందాన పసుపు ముద్ద, మీద వరసగా కుంకుమ బొట్లు, ఒక బంతిపువ్వు.

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"నిన్న మంగళగిరి తీసుకెళ్లి పూజ చేయించాం బాబుగారూ. బండికి ప్రాణం నెంబరు దగ్గరే గదా, అక్కడే రాయమన్నారు అయ్యవారు. తుడవమంటే ఇప్పుడే తుడిపిస్తా. తమ ఇష్టం. కాకపోతే..."

ఆ "కాకపోతే" దగ్గర ఆగి, లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు.

"కాకపోతే ఏమిటండీ?"

"ఏం లేదు. కొన్నాయన ఇంకా స్టీరింగు పట్టుకోలేదు. పట్టుకోకముందే పసుపు చెరిపితే, ఆయనకు కొంచెం పట్టింపు. అచ్చు మాత్రం పూజకు ముందే తీసి పెట్టానండీ, తమకు శ్రమ ఎందుకని."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

మా అమ్మ గడపకు పసుపు రాసిన రోజున దాని మీద మా కాలు పడితే ఇంటి పెంకులు ఎగిరిపోయేట్టు అరిచేది. ఆ అరుపు నాకు ఆ బానెట్ కింద వినిపించింది. పసుపూ కుంకుమా చెరపడమంటే మన ఇళ్లలో ఏ అర్థం వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. కాగితంలోని అచ్చును పుస్తకంతో సరిచూశాను. ఒక్క అంకె తేడా లేదు. అచ్చు అచ్చంగా సరిపోయింది. సరిపోవడమే కొంప ముంచింది.

"స్వయంగా పరిశీలించితిని, సరిగా ఉన్నది" అని రాసి ముద్ర వేశాను. ముద్ర వేయాల్సిన చోట నిద్రపోయానని అప్పుడు తెలియలేదు.

ఆ కాగితాలు మా హెడ్‌గుమాస్తా గారి బల్ల మీదకు వెళ్లాయి. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. రోజుకు డబ్బాడు నశ్యం పీల్చేవాడు. అచ్చు కాగితం చేతిలోకి తీసుకోగానే మొహం పక్కకు తిప్పాడు.

"ఏమయ్యా, ఇది ఎక్కడ దొరికింది నీకు? చేపల కంపు కొడుతోంది!"

"అంత నశ్యం పీల్చాక మీకు ఏ వాసనైనా తెలుస్తుందా అండీ? మీ ముక్కుకు కూడా ఫిట్‌నెస్ చేయించాలి," అన్నాను. ఆఫీసంతా నవ్వింది. ఆయన కాగితాన్ని చేయి బారున పట్టుకుని, గుండుసూదితో ఫైలుకు గుచ్చి, కుళాయి దగ్గరకు వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

మూడు వారాలకు ఒక పోలీసు జమేదారు మా ఆఫీసుకు వచ్చాడు. వెంట అరవై దాటిన మనిషి. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. ప్రత్తిపాడు దగ్గర ఒక మోతుబరి ఇంట్లో డ్రైవరు. మోతుబరి పోయి మూడేళ్లయింది. ఆయన కారును పత్తి కొట్లో పెట్టి, వారానికొకసారి ఇంజను తిప్పుతూ, ఈయనే చూసుకుంటున్నాడు. వాల్వుల పని చేయించుకు రమ్మని మోతుబరి భార్య, అమ్మగారు, చెబితే గుంటూరు తెచ్చి మావయ్యగారి మరమ్మతు షెడ్డులో వదిలాడు. రసీదు అడగలేదు. ఆ ఇంటికి అన్ని బళ్లూ కొనిపెట్టిన మనిషిని రసీదు ఎలా అడుగుతారు? పక్షం తర్వాత వెళితే "ఏం బండి? మర్నాడే తోలుకుపోయావుగా!" అన్నాడట మావయ్యగారు. మతిపోయి వీధుల్లో తిరుగుతుంటే ఒక హోటలు ముందు మీగడరంగు కారు ఆగి ఉంది. మద్రాసు ఆసామి స్టార్టు చేశాడు. ఈయన పరుగెత్తుకెళ్లి పోలీసులకు చెప్పాడు. వాళ్లు వచ్చి బానెట్ ఎత్తిస్తే నెంబరు చోట పసుపు కనిపించింది.

"అయ్యా, అది మా బండండీ," అన్నాడు నాతో. "పద్దెనిమిదేళ్లు తోలా. రంగు మార్చారు గానీ గొంతు ఎట్టా మారుస్తారండీ? ఆ నెంబరు మీద పసుపు ఒక్కసారి తుడిపించండి బాబూ."

నేను ఫైలు తీశాను. అచ్చు చూపించాను. పుస్తకం చూపించాను. నా సంతకం కూడా చూపించాను, అదే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అన్నట్టు. "రికార్డు ప్రకారం అది చీరాల బండి. పరిశీలించింది నేనే," అన్నాను.

జమేదారు ఆయన వైపు తిరిగాడు. "ఏందయ్యా, ఇన్‌స్పెక్టరు గారు కళ్లతో చూసింది అబద్ధమా? మరి నీ బండేది? ఎవరికి అమ్మావు?"

ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషి ముద్దాయి అయ్యాడు. మోతుబరి గారి కొడుకు వచ్చి మరో కాగితం రాసిచ్చాడు, నమ్మి అప్పజెప్పిన కారును డ్రైవరు మాయం చేశాడని. మావయ్యగారు ఆయన ఇంట్లో సోఫాలో కూర్చునే మనిషి. డ్రైవరు అరుగు దిగువన నిలబడే మనిషి. సోఫా మాట నమ్మాడు. జామీనుకు నిలబడేవాళ్లు దొరక్క పెద్దాయన్ను సబ్‌జైలుకు పంపారు. కేసు తేలేదాకా కారును కదపవద్దని చెప్పి మద్రాసు ఆసామి స్నేహితుడి జిన్నింగు మిల్లు ఆవరణలో పెట్టించారు, పసుపుతో సహా. దాన్ని తుడిచి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. తోచిన ఒక్కడూ లోపల ఉన్నాడు.

కోర్టులో నన్ను సాక్షిగా పిలిచారు. ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లాను. ప్రభుత్వ ప్లీడరు అడిగినవాటికి గడగడా చెప్పాను. ముద్దాయికి ప్లీడరు లేడు. ఏమైనా అడుగుతావా అన్నారు మేజిస్ట్రేటు గారు.

"ఒక్కటండీ. అయ్యా, నెంబరు మీద పసుపు ఉంది గదండీ. తుడిచి చూశారా?"

"రూలు ప్రకారం పరిశీలించాను."

"తుడిచారా అండీ?"

"చెప్పాను కదా, రూలు ప్రకారం..."

"సమాధానం వచ్చింది. ఇంకేమైనా ఉందా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

పెద్దాయన ఆయన వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఎనక సీటు ఎత్తించండి బాబూ. ఒక యేడు కళ్లంలో మిరపకాయలుంటే వాన ముంచుకొచ్చింది. బండి కట్టే టయిం లేక అమ్మగారు కార్లోనే ఏసి తెమ్మన్నారు. ఆ గింజలు ఇప్పటికీ సీటు కింద ఉంటయ్యి. ఎన్నిసార్లు దులిపినా పోలా."

ప్లీడరు లేచి, "అయ్యా, గుంటూరు జిల్లాలో మిరపగింజలు లేని సీటు ఎక్కడుంది? నా కోటు జేబులో వెతికినా నాలుగు దొరుకుతాయి!" అన్నాడు.

కోర్టు హాలు గొల్లుమంది. గుమాస్తాలు నవ్వారు, బంట్రోతులు నవ్వారు. నేనూ నవ్వాను. దాచుకోవాలని చాలా ఏళ్లు చూశాను. అవును, నేనూ నవ్వాను.

పెద్దాయన మొహం తుడుచుకోవడానికి తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు. జైల్లో తీసేసుకున్నట్టున్నారు. అరచేత్తో తుడుచుకుని, నా వైపు ఒకసారి చూశాడు. తిట్టినా బాగుండేది. పని చేతగాని క్లీనరును చూసినట్టు చూశాడు.

ఆఫీసుకు వచ్చి ఫైలు తెప్పించుకున్నాను. నన్ను నేను సమర్థించుకుందామనే. అచ్చు కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. అంకెల చుట్టూ, అంకెల మధ్యా, అమ్మవారు పోసినవాడి మొహంలాగా తెల్లటి చుక్కలు. తుప్పు తిన్న గుంటలు అవి. పెన్సిలు దిగని చోట్లు. మామూలు తుప్పు కాదు, ఉప్పుగాలి తినే తిండి అది. నేను చేత్తో తడిమిన చట్రం మాత్రం గాజు పలకలా నున్నగా ఉంది. ఈ కాగితం రుద్దింది ఆ ఇనుము మీద కాదు.

కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను వాసన చూడటం హెడ్‌గుమాస్తా గారు గమనిస్తున్నారు.

"ఏమయ్యా, నా ముక్కుకు ఫిట్‌నెస్ చేయిస్తానన్నావు," అన్నారు మెల్లగా.

"మీ ముక్కు పాసండీ," అన్నాను. "నా కళ్లే ఫెయిలు."

మర్నాడు సెలవు పెట్టి చీరాల వెళ్లాను. పుస్తకంలో పేరున్న చీరల వ్యాపారి దుకాణంలో పట్టుచీరలు మడతలు పెట్టిస్తున్నాడు.

"కారా? దాన్ని సముద్రానికి చదివించానండీ," అన్నాడు. "చుట్టాలను వాడరేవు తీసుకెళ్లి ఇసకలో దించా. పోటు వచ్చింది. మేం బయటికొచ్చాం గానీ అది రాలేదు. ఎద్దుల్ని కట్టినా కదల్లేదు. తర్వాత గుంటూరు నుంచి మావయ్యగారని ఒకాయన వచ్చి పుస్తకం, నెంబరు పలకలు పట్టుకెళ్లాడు. ఇనుము నేనే ఎత్తించుకుంటాలెండి అన్నాడు."

"ఎత్తించాడా?"

"ఎవరు చూశారు? ఆ బండి మాటెత్తితే మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. అటు వెళ్లనే లేదు."

జట్కా ఎక్కి వాడరేవు వెళ్లాను. ఒడ్డున పడవల వెనక ఉంది అది. చక్రాలు లేవు, సీట్లు లేవు, సగం ఇసకలో దిగిపోయింది. బానెట్ లేని ఇంజను గది మీద తాటాకు చాప, చాప మీద చేపలు ఎండుతున్నాయి. నేను దగ్గరకు వెళ్లగానే ఒక ముసలామె కర్ర పట్టుకుని లేచింది.

"ఏందయ్యో, కాకులకు తోడు నువ్వొకడివా?"

"ఈ కారు ఎవరిదమ్మా?"

"సేపలు నాయి. కింద ఇనుము ఎవుడిదైతే నాకేంది?"

"కాస్త చాప జరిపితే నెంబరు చూసుకుంటానమ్మా."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. నా చేతిలో కాగితం, పెన్సిలు ఉన్నాయి. "నువ్వూ కాయితం ఏసి రుద్దుతావా? దసరాకు ముందు తెల్ల పంచె ఆయన వచ్చి ఇట్టాగే రుద్దాడు. కాయితాన్ని సేపల మీదే పెట్టాడు. పెట్టి, కంపంట మళ్లీ నన్నే తిట్టాడు. సేపలు కంపు కొట్టక సెంటు కొడతయ్యా? సదువుకున్నోళ్లకు ఇదేం రోగమయ్యా, ఇనుముకు పెన్సిలు పుయ్యటం!"

చాప జరిపి, రుమాలుతో ఉప్పు తుడిచి, కాగితం పరిచి రుద్దాను. నా ఉద్యోగంలో అంత జాగ్రత్తగా తీసిన అచ్చు మరొకటి లేదు. అవే అంకెలు, అవే గుంటలు. మావయ్యగారు ఇచ్చిన కాగితం పక్కన పెడితే కవల పిల్లలు.

మోసం మొత్తం అప్పుడు అర్థమైంది. ఇసకలో చచ్చిన బండి పేరును పత్తి కొట్లో బతికున్న అదే కంపెనీ, అదే రకం బండికి తగిలించాడు. అసలు అంకెలు అరగదీసి చచ్చినదాని అంకెలు గుద్దాడు. కొత్తగా గుద్దిన అంకెలు ఇన్‌స్పెక్టరు కళ్లబడితే దొరికిపోతాడు. అందుకని దేవుణ్ణి అడ్డం పెట్టాడు. గుంటూరులో పుట్టినవాడు, అమ్మ చేతి పసుపు చూస్తూ పెరిగినవాడు దాన్ని తుడవడని ఆయనకు తెలుసు. నా రూలు పుస్తకం చదవలేదు ఆయన. నన్ను చదివాడు. తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది. దొంగ నెంబరు గుద్దినందుకు కూడా కాదు. మా అమ్మ పసుపును మసిగుడ్డలా వాడుకున్నందుకు.

తిరిగొచ్చి మా పైఅధికారికి చెప్పాను. ఆయన తలుపు వేసుకున్నారు.

"నువ్వు వాడరేవు కథ పోలీసులకు చెప్పు, మంచిదే. అచ్చు సంగతి మాత్రం కదపకు. అచ్చు నువ్వే తీశావు. రికార్డులో అలాగే ఉంది కదా."

"అలా అంటే కొత్త నెంబరు ఎవరు గుద్దారని అడుగుతారండీ. మావయ్యగారు మాట మార్చి, 'నాకేం తెలుసు, డ్రైవరే గుద్ది నాకు అమ్మాడు' అంటాడు. ఆ కాగితం ఆయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చిందని నేను చెబితేనే ఆయన దొరికేది."

"నేనే తీయలేదని చెబితే నీ పని ఏమవుతుందో తెలుసా? స్వయంగా పరిశీలించితిని అని రాశావు. పెళ్లయి ఎన్నాళ్లయింది నీకు?"

"ఏడాదండీ."

"మరి? ముసలాడికి శిక్ష పడినా ఆరు నెలలు. నీకు ముందు ముప్పై ఏళ్ల సర్వీసుంది."

ఒక పూటంతా ఆ లెక్క నాకు చాలా సబబుగా కనిపించిందని ఒప్పుకుంటున్నాను. ఆ పూట అన్నం సహించలేదు. పులుసులో పసుపు కనపడినా భయమేసింది.

వాయిదా రోజున నన్ను మళ్లీ సాక్షిగా విచారించమని మేజిస్ట్రేటు గారికి అర్జీ పెట్టుకున్నాను. ఈసారి బట్టలు ఇస్త్రీ చేసినవో కాదో గుర్తులేదు. బోనెక్కి, "పోయినసారి ముద్దాయి అడిగినదానికి నేను జవాబు చెప్పలేదండీ. ఇప్పుడు చెబుతాను. తుడవలేదు," అన్నాను.



"అచ్చు కూడా నేను తీయలేదండీ. దలారి తీసిచ్చాడు. నేను తీసినట్టు రాశాను."

మావయ్యగారు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బుగ్గలో లవంగం కదలడం ఆగింది.

నేను రెండు అచ్చులూ ఇచ్చాను. వాడరేవు ముసలామె ఎండుచేపల బుట్టతో సహా వచ్చింది. బుట్ట బయటపెట్టి రమ్మంటే పిల్లులకు ఎవరు జవాబుదారీ అని అడిగింది. మావయ్యగారిని చూడగానే, "ఈయనే! ఇనుముకు పెన్సిలు పూసినాయన!" అంది. మేజిస్ట్రేటు గారు కారును కోర్టు ఆవరణలోకి తెప్పించి, మెట్లు దిగి స్వయంగా వచ్చారు.

"తుడవండి," అన్నారు నాతో.

పసుపు ఎండి పెచ్చులు కట్టింది. నా రుమాలు తడిపి తుడిచాను. దాని కింద ఇనుము ఆకురాయితో అరగదీసి పల్లంగా ఉంది. ఆ పల్లంలో కొత్త అంకెలు తాగినవాళ్లలాగా తలా ఒక పక్కకు వాలి నిలబడి ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడు చూసినా దొంగవని చెప్పగలడు. నేను సంతకం పెట్టింది వీటి మీదే.

"ఎనక సీటు కూడా బాబూ," అన్నాడు పెద్దాయన.

సీటు ఎత్తారు. ముందు మేజిస్ట్రేటు గారు తుమ్మారు. తర్వాత జమేదారు. తర్వాత కోటు జేబులో నాలుగు గింజలున్న ప్లీడరు గారు, వరసగా అయిదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ రోజే తుడిచి ఉంటే ఏమయ్యేది?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు, కళ్లు ఒత్తుకుంటూ.

"ఈయన ఇక్కడ ఉండేవాడు కాదండీ."

పెద్దాయన్ను వదిలేశారు. పెద్దాయనకు కొడుకు వయసుండే మోతుబరి గారి అబ్బాయి కోర్టు మెట్ల మీద ఎదురుపడి కూడా, "ఏదో పొరపాటు జరిగింది, పన్లోకి రా," అన్నాడే గానీ తప్పయిందని అనలేదు. పెద్దాయన దణ్ణం పెట్టాడు. పన్లోకి మాత్రం వెళ్లలేదు.

తర్వాతి సంగతులు చెబితే మీకూ కోపమొస్తుంది. రావాలి. మావయ్యగారి మీద కేసు పెట్టారు. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచాయి. వాడరేవు ముసలామె కాలం చేసింది. చీరల వ్యాపారికి జ్ఞాపకశక్తి తగ్గింది. చివరికి చిన్న జరిమానాతో బయటపడి, పెద్దమనిషిగానే తిరిగి, పెద్దమనిషిగానే పోయాడు. అంత్యక్రియలకు ఊళ్లో ఉన్న పాత కార్లన్నీ వచ్చాయట. వాటిలో ఎన్ని తమ సొంత పేర్లతో వచ్చాయో నాకు తెలియదు. మద్రాసు ఆసామి నాకే ఒక ఉత్తరం రాశాడు, తన సరదా పాడుచేశానని. సరదా! ఒక మనిషి తువ్వాలు పోగొట్టుకుని నిలబడితే వీళ్లకు సరదా.

కారు గతి ఇంకా అన్యాయం. అసలు అంకెలు అరిగిపోయాయి గనుక మోతుబరి గారిదని రుజువు చేసుకోవాలంటే మరో దావా వేయాలి. కొడుక్కి ఓపిక లేదు. దొంగ అంకెలతో ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. పేరు లేని బండి కోర్టు ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి, చట్రం దాకా చివికిపోయింది.

నాకు చార్జిమెమో ఇచ్చి, దర్శి అవతల ఎక్కడో ఒక చెక్‌పోస్టుకు బదిలీ చేశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు సర్వీసుకే బ్రేకు పడిందని మా బంట్రోతు అందరికీ చెప్పుకున్నాడు. మా హెడ్‌గుమాస్తా గారు రైలు దాకా వచ్చి, కొత్త నశ్యం డబ్బా నా చేతిలో పెట్టి, "ముక్కు జాగ్రత్తగా పెట్టుకో," అన్నారు.

నేను లంచం తీసుకోలేదు. ఈ మాట చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడం లేదు. లంచం తీసుకున్నవాడు కనీసం అమ్ముడుపోతాడు. నేనైతే ఒకాయన రెండుసార్లు "బాబుగారూ" అంటే ఉచితంగా పంపిణీ అయిపోయాను. పిల్లలూ, డబ్బు ఇవ్వజూపేవాణ్ణి మీరు ఎలాగూ కనిపెడతారు. మీ శ్రమ తగ్గిస్తానని వచ్చేవాణ్ణి కనిపెట్టండి.

చెక్‌పోస్టు నుంచి మళ్లీ గుంటూరు మైదానానికి చేరడానికి ఏళ్లు పట్టింది. అప్పటికి నా జేబులో ఎప్పుడూ పేలిక ఉండేది. పసుపున్న ప్రతి బండినీ తుడిచేవాణ్ణి. డ్రైవర్లు గొణిగేవారు. "ఈయనకు దేవుడంటే భయం లేదు," అనేవారు. ఉంది. అందుకే తుడిచేవాణ్ణి.

అరవైల మధ్యలో ఒక పొద్దున, దసరా మర్నాడు, వరసలో ఒక కొత్త ట్రాక్టరు వచ్చింది. ప్రత్తిపాడు వైపు రైతుది. పూజ ఘనంగా చేశారు. చక్రాలకు పసుపు, దీపాలకు గంధం, స్టీరింగుకు దండ, ముందు నుంచి వెనక దాకా కుంకుమ బొట్లు. డ్రైవరు సీటు మీద ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, పూర్తిగా పండిన తల. నన్ను చూసి నిదానంగా దిగాడు. 

అలవాటు కొద్దీ పేలిక తీసి నెంబరు దగ్గరకు వంగాను. ట్రాక్టరంతా పసుపుమయంగా ఉంటే ఆ జానెడు చోటు మాత్రం నూనెగుడ్డతో తుడిచి, అంకెలు మెరిసేట్టు ఖాళీగా వదిలి ఉంది.

"ఇక్కడ పెట్టలేదేం?" అన్నాను, తలెత్తకుండా.

"ముందు తమరు చూడండి. తర్వాత పెట్టుకుంటా," అన్నాడు.

కాగితం పరిచి అచ్చు తీశాను. ఆయన పక్కనే నిలబడి, పూర్తయ్యేదాకా, ఒక్కొక్క అంకెనూ నాతోపాటు చూశాడు. నేను లేచాక చొక్కా జేబులోంచి చిన్న పొట్లం విప్పి, ఆ చోట బొట్టు పెట్టుకున్నాడు.